సగం ఇంటి యజమానురాలికి

ప్రియమైన అమ్మమ్మకు,

నీ మనుమరాలు టామ్సిన్ ప్రేమతో వ్రాయునది. ఇక్కడ లీడ్స్‌లో నేను కులాసాగానే ఉన్నాను. అక్కడ సముద్రపు గాలికి నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో, కంటి ఆసుపత్రిలో ఏమన్నారో తెలియజేయగలవు.

ముందుగా నీ ప్రశ్నలకు జవాబులు. తింటున్నాను, టోస్ట్ ఒక్కటే కాదు. నువ్వు అల్లిన మఫ్లర్ వేసుకుంటున్నాను, రంగు గురించి స్నేహితులు వేళాకోళం చేసినా. చర్చాపోటీలో మా జట్టు ఫైనల్‌కు చేరింది. ఎదుటి జట్టు కుర్రవాడు నేను మరీ దురుసుగా మాట్లాడానని ఫిర్యాదు చేశాడు. న్యాయనిర్ణేత నవ్వి ఊరుకున్నారు.

ఇక నీ ఉత్తరంలో చివరి పేరా. "వాటా అమ్మేసి మీ అమ్మ ఇంట్లో చిన్న గదిలో ఉంటాను, దీన్ని ఇంతటితో వదిలెయ్" అన్నావు. నేను వదలను. ఎందుకో వివరంగా వ్రాస్తాను, కోపగించుకోకుండా చదువు.

వసంతంలో అద్దె, నిర్వహణ రుసుము రెండూ పెరిగినప్పుడు నువ్వు అద్దె సాయం కోసం ఊరి కౌన్సిల్‌కు ఫోన్ చేశావు. అవతలి అమ్మాయి "సొంతిల్లా, అద్దె ఇల్లా అండీ?" అని అడిగింది. నువ్వు "సొంతిల్లే తల్లీ" అన్నావు. సొంతింటి వారికి అద్దె సాయం ఉండదు కనుక నీ దరఖాస్తును తిరస్కరించారు. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. నువ్వు చెప్పినదే ఆమె వ్రాసుకుంది.

నువ్వు అబద్ధమాడావని నేను అనను. జీవితమంతా ఇతరుల గోడలకు ఇటుకలు పేర్చి, కౌన్సిల్ వారి అద్దె ఇంట్లోనే వయసు మళ్ళిన తాతయ్య, వృద్ధుల ఫ్లాట్ల భవనం హోల్మ్ కోర్ట్‌లో ఆ రెండు గదుల తాళం చేతికొచ్చిన రోజున "ఐరీన్, ఇది మనది" అన్నారు. ఆ మాటను నువ్వు నేటికీ కాపాడుతున్నావు. అయితే ఏ వాదంలోనైనా మొదట తేల్చవలసింది నిర్వచనం. మీరు కొన్నది సగం. మిగిలిన సగం ఆ ఇళ్ళు కట్టించిన గృహసంఘానిది, దానికి నువ్వు వారం వారం అద్దె చెల్లిస్తున్నావు. అద్దె చెల్లించే వృద్ధురాలికి, ఆమె పింఛను చాలనప్పుడు, ఆ అద్దెకు సాయం చేయమని చట్టం చెబుతోంది. లిఫ్టుకూ, మెట్ల దీపాలకూ, భవనం చూసుకునే వార్డెన్‌కూ అయ్యే ఖర్చులో చాలా భాగం ఆ సాయంలోకే వస్తుంది. నీ గది హీటర్ ఖర్చు మాత్రం రాదు. ఉన్నదాన్ని ఉన్నట్టే చెబుతున్నాను.

"ముసలితనంలో చెయ్యి చాపమంటావా?" అని వ్రాశావు. పదిహేనో ఏట చేపల కర్మాగారంలో చేరింది మొదలు నువ్వు పన్ను కట్టావు. నీ డబ్బుతో కూడా నడిచే ఏర్పాటును నువ్వు వాడుకోవడం బిచ్చమైతే, నేను చదువుతున్న ఈ గ్రంథాలయమూ బిచ్చమే. నిన్ను నీ కిటికీ దగ్గర నుంచి లేపి అమ్మ చిన్న గదిలో ఇస్త్రీబల్ల పక్కన పడుకోబెట్టడానికి ఇది తగిన కారణం కాదు.

ఇంతవరకూ వాదించాను. ఇకపై చెప్పేది వాదన కాదు.

గురువారం అమ్మ నిన్ను కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు నేను హోల్మ్ కోర్ట్‌కు వచ్చాను. నిర్వహణ రుసుమును ఎలా విభజిస్తారో వార్డెన్‌ను అడిగి తిరిగి వెళ్ళిపోదామనే వచ్చాను. హాల్లో మీ గురువారపు కాఫీ సమావేశం నడుస్తోంది. నీ పొరుగు ఫ్లాట్ డోరీన్ నన్ను పట్టుకుంది.

"ఐరీన్ వెళ్ళిపోతోందటగా? మేమేం పాపం చేశామే పిల్లా?"

కారణం నలుగురిలో ఎవరికీ చెప్పవద్దని నువ్వు ఉత్తరంలో కింద గీత గీసి మరీ వ్రాశావు. నేను చెప్పేశాను. అద్దె భారమైందనీ, సాయం రాదన్నారనీ.

నీ పరువు తీశాననుకున్నాను. అప్పుడు మూలనుంచి మీ భవనంలోని క్లెగ్ తాత గొంతు సవరించుకున్నాడు.

"ఆవిడకి రాకపోవడమేంటి? నాకు వస్తోందే."

డోరీన్ అతనివైపు తిరిగింది. "నీకా? మొన్న బింగో ఆట దగ్గర సొంతిల్లని మీసం మెలేశావుగా?"

"మెలెయ్యడానికి మీసం ఎక్కడుందమ్మా. నువ్వు మాత్రం? మా ఆయన కొన్నాడు, మా ఆయన కొన్నాడని రోజూ పాడే పాటేగా."

"కొన్నాడు. సగం." డోరీన్ బిస్కెట్ విరిచింది. "మిగతా సగానికి నాకూ సాయం వస్తోంది. ఎవరికీ చెప్పలా. ఐరీన్‌కి తెలిస్తే చులకనైపోతానని."

విన్నావా అమ్మమ్మా? నువ్వు ఎవరి కంట చులకన కాకూడదని ఇల్లు వదులుకోబోతున్నావో, ఆమె నీ కంట చులకన కాకూడదని ఇన్నేళ్ళూ దాచుకుంది. నిన్ను అడగకుండా నీ గుట్టు విప్పినందుకు క్షమించమని కోరుతున్నాను. విప్పినందువల్ల జరిగినదానికి మాత్రం కోరను.

నిర్ణయాన్ని పునఃపరిశీలించమని కౌన్సిల్ వారిని అడగడానికి ఈ నెలాఖరు వరకే గడువుంది. సోమవారం ఉదయం బస్సుకు వస్తాను. ఫోన్ నీ ముందు పెడతాను. పక్కన కూర్చుంటాను, నోరు మెదపను. నాకది ఎంత కష్టమో నీకు తెలుసు. ఆ అమ్మాయి అదే ప్రశ్న మళ్ళీ అడుగుతుంది. "సగం నాది, సగానికి అద్దె కడుతున్నాను" అని నువ్వే చెప్పాలి. తాతయ్య మాట అందులో చెక్కుచెదరదు.

హోల్మ్ కోర్ట్ నుంచి ఎవరైనా వెళ్ళిపోతున్నారంటే హాల్లో వాళ్ళ కుర్చీ ఎంత త్వరగా చేతులు మారుతుందో నీకు నేను చెప్పనక్కరలేదు. నేను బయలుదేరేటప్పుడు కొత్తగా వచ్చిన ఆవిడ నీ కిటికీ పక్క కుర్చీకేసి నడిచింది. డోరీన్ గబుక్కున లేచి తన అల్లిక సంచీ అందులో పెట్టింది.

"ఇది ఐరీన్‌ది. తనొచ్చి తీసేదాకా ఇది ఇక్కడే ఉంటుంది" అంది.

సంచీ ఇంకా అక్కడే ఉంటుంది.

ఇట్లు,
సోమవారం నోరు కట్టేసుకుని వచ్చే
నీ మనుమరాలు
టామ్సిన్