లంకలో లైట్ల వేలం

నవంబర్ 12, 2005. ఏలూరు

కొల్లేటి లంకలో సోలార్ లైట్లు వెలిగాయి. ప్యానెళ్లు, బ్యాటరీలు పడవలో దాటించేసరికి నా నడుం విరిగింది. కొల్లేరు అభయారణ్యమని ఈ ఊరికి కరెంటు స్తంభాలు వేయరట. నాలుగు లైట్లూ స్కూలు గదిలోనే బిగించాను.

ఈ లంకలో పదో తరగతి దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల దుర్గాభవాని. పగలు పడవెక్కి హైస్కూలు, రాగానే చేపల పని, చదువంతా చీకటి పడ్డాకే. పరీక్షల దాకా వెలుగుతాయాండీ అని అడిగింది. గ్యారంటీ అన్నాను. వాళ్లమ్మ వెంకటనరసమ్మ ఆ మాట నాచేత మళ్లీ చెప్పించుకుంది.

నాలుగు మాటలు మాట్లాడమంటే నేను ఊరుకుంటానా! ఇవి మా సంస్థవి కావు, మీ ఊరుమ్మడి ఆస్తి అన్నాను. పెద్దలు చప్పట్లు కొట్టారు. పొంగిపోయాను.

నవంబర్ 19

మన ఇంట్లో ట్యూబ్‌లైటు మార్చడానికి మాత్రం మీకు తీరిక దొరకదని మా ఆవిడ ఖదీజా అంది. మార్చాను.

డిసెంబర్ 4

లంకకి వెళ్లి చూస్తే స్కూలు గదిలో ఒక్క లైటూ లేదు. వేలం వేశారట!

ఊరుమ్మడిది ఏదైనా వేలం వేయడం ఇక్కడి కట్టుబాటు. చెరువైనా, రేవైనా, కిరాణా కొట్టు పెట్టుకోవడమైనా అంతే. వేలంలో పాడుకున్నవాళ్లదే ఏడాదంతా. లైట్లు అబ్బాయిరాజు గారు పాడుకున్నారు. ఆయన చేపల చెరువు గట్టు మీద బిగించుకున్నారు, దొంగలు రాకుండా.

ఊరి పెద్ద నిత్యానందం గారు కుర్చీ వేసి, కొబ్బరి బొండం కొట్టించి మరీ చెప్పారు. ఊరుమ్మడి అని తమరే సెలవిచ్చారు కదండీ, ఒక్క పిల్ల కోసం ఉంచితే మిగతావాళ్లు ఒప్పుకోరండీ అని. వాళ్లు దొంగలైతే కేసు పెట్టేవాణ్ణి. మర్యాదస్తులు. ఏడుపొచ్చింది.

డిసెంబర్ 5

ఆఫీసులో చెప్పాను. హ్యాండోవర్ ఫొటో ఉంది కదా, ఫైల్ క్లోజ్ చేయమన్నారు మా మేనేజరు ప్రసాదరావు గారు.

జనవరి 22, 2006

నా డెమో లాంతరు పట్టుకెళ్లాను. వెంకటనరసమ్మ పుచ్చుకోలేదు. పాట పాడకుండా లైటు వాడితే ఊరు తప్పు వేసి డబ్బు కట్టిస్తుందండీ అంది. పిల్లను అబ్బాయిరాజు గారి చెరువు కాపలాకి కుదిర్చిందట. లైటు కిందే చదువుకుంటుందండీ అంది. ఆ తల్లి తెలివికి నవ్వొచ్చింది. వచ్చేటప్పుడు పడవలో హాయిగా కూర్చున్నాను.

మార్చి 3

ఆక్రమణ చెరువులని ప్రభుత్వం వాళ్లు గట్లన్నీ కొట్టేస్తున్నారు. అబ్బాయిరాజు గారి గట్టు కూడా పోయింది. అందరూ చేపలు పట్టుకునే హడావుడిలో ఉన్నారట. లైట్లు, ప్యానెళ్లు, బ్యాటరీలు నీళ్లలోనే.

పరీక్షలు ఈ నెలలోనే.

మే 27

దుర్గాభవాని లెక్కల్లో పోయింది. సప్లిమెంటరీకి కట్టిందట.

జూన్ 5

నిత్యానందం గారు ఆకివీడు నుంచి ఫోన్ చేశారు. సామానంతా నీళ్లలోంచి తీసి మళ్లీ వేలం పెట్టారట. బురద పట్టిన బ్యాటరీలు ఎవరికి కావాలి? వెంకటనరసమ్మ ఒక్కతే పాడిందట. ఇంక వెలగవమ్మా అని అందరం చెప్పామండీ, మునీర్ గారూ, తమరు రెండుసార్లు గ్యారంటీ అన్నారని ఆవిడ ఊరుకోలేదండీ, రేపు వచ్చి బిగిస్తారాండీ అన్నారు.

వస్తానన్నాను.