స్విస్ రైలు గీత

పినెరోలో,
జూన్ 20

ప్రియమైన ఎర్మానో,

నువ్వు పంపిన పెన్‌డ్రైవ్ నిన్న చేరింది. నీ గుడిసె కింద కొట్టు నడిపే బతిస్తా దాన్ని జున్ను చుట్టే కాగితంలోనే చుట్టి పోస్టులో వేసినట్టున్నాడు. కవరు విప్పగానే వంటిల్లంతా మేకల దొడ్డి వాసన. వచ్చేసారి మామూలు కాగితం వాడమని నా మాటగా చెప్పు.

నువ్వు కొండెక్కి మూడు వారాలైంది. కరెంటు తీగన్నదే లేని చోటు కోసం పటమంతా గాలించి, ఆఖరికి మైరా లోయ పైన ఆ రాతి గుడిసె పట్టావు. ప్రపంచంలోని కరెంటు రొద వినడానికి కరెంటు లేని చోటికి పోవాలని మా చెల్లెలికి చెబితే, "బావని డాక్టరుకి చూపించావా?" అంది. నేను ఓపిగ్గా చెప్పాను. "మన ఖండమంతా కరెంటు సెకనుకి యాభైసార్లు ఊగుతుందే, అమెరికాలో అరవైసార్లు. ఆ అరవై సముద్రం దాటి ఇక్కడిదాకా సన్నగా వస్తుంది. దాన్ని పట్టాలని ఆయన పదకొండేళ్ళ పంతం. ఊళ్ళో మన యాభై రొద మధ్య అది చచ్చినా వినపడదు" అన్నాను. "పట్టి ఏం చేస్తాడట?" అంది. "దిగొచ్చాక ఆయన్నే అడుగు" అన్నాను.

పెన్‌డ్రైవ్‌లో ఉన్న రొద జాడలన్నీ, ఒక్కో ఊపుకి ఒక్కో గీతగా, అచ్చు తీసి గోడకి అంటించాను. ముప్పై ఏళ్ళు ప్రెస్సులో అచ్చు తప్పులు ఏరిన కళ్ళు నావి, ఏదన్నా ఉంటే దొరక్కుండా పోదు. అమెరికా మాత్రం ఇంకా కనపడలేదు.

రెండు సంగతులు. ఊరికే అడుగుతున్నాను, పెద్దగా పట్టించుకోకు. బతిస్తా భార్య ఫోన్లో అంది, పోయిన ఆదివారం నీకు మొక్కజొన్న సంకటి, అదే పొలెంతా, పంపిస్తే గుడిసెకి తాళం వేసుందట, గిన్నె అలాగే తిరిగొచ్చిందట. ఎక్కడికెళ్ళావు? ఇంకొకటి, ఇసెల్లె నుంచి క్లేలియా నీకు కార్డు పంపింది. నీ పుట్టినరోజుకి కాబోలు. నేను తెరవలేదు. గడియారం వెనక పెట్టాను.

ఆప్రికాట్ జామ్ పన్నెండు సీసాలైంది. చలి వేస్తే ఊలు చొక్కా వేసుకో, సంచిలో అడుగున ఉంది.

నీ
పియెరా

*

గుడిసె నుంచి,
జూన్ 30

నా బంగారు పియెరాకి,

తాళం సంగతి వింటే నవ్వొచ్చింది. ఆవులమ్మా, ఆవులు! బతిస్తా ఆవులు, రొదని పట్టే నా తీగచుట్టని పాతిపెట్టిన చోటే మేస్తాయి. అవి కాలు మోపినప్పుడల్లా గీతలన్నీ వణుకుతున్నాయి. అందుకని ఆ బరువంతా వీపున వేసుకుని పై మైదానానికి చేర్చాను. అక్కడ మళ్ళీ గొయ్యి తవ్వి పాతేసరికి చీకటి పడింది. ఆ రాత్రి అక్కడే గొంగళి కప్పుకుని పడుకున్నాను. పొలెంతా పోయినందుకు మాత్రం నిజంగా బాధగా ఉంది.

ఈ చోటు అద్భుతం పియెరా. ఇంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. యాభై దగ్గర రొద ఉంది గానీ, దూరపు సంతలో కేకల్లా ఉంది, అంతే. కొత్త జాడలు పంపిస్తున్నాను. అట్టడుగున నేను గుర్తుపట్టలేని గీతలు కొన్ని ఉన్నాయి. నా కళ్ళజోడు సంగతి నీకు తెలుసు కదా, నువ్వే చూసి చెప్పు. అరవై దగ్గర ఏమన్నా కనిపించిందా లేదా, ముందు అది రాయి.

మన ఊళ్ళో నా స్నేహితుడున్నాడే, సిల్వెస్త్రో, బ్యాటరీలు తెస్తానన్నాడు, రాలేదు. బతిస్తా కొట్టు నుంచి ఫోన్ చేస్తే వాళ్ళక్క ఎత్తింది. "ఆదివారాలు ఇంట్లో కాలు నిలవట్లేదు నాయనా, కారులో తన తీగచుట్ట వేసుకుని ఎటో పోతున్నాడు" అంది. వాడికీ నా పిచ్చి అంటుకున్నట్టుంది. కనిపిస్తే గట్టిగా చీవాట్లు పెట్టు.

క్లేలియా కార్డు తెరిచి చదువుకో, నన్ను అడగడమెందుకు? ప్రతి ఏడూ పంపేదే కదా.

జామ్ ఒక సీసా పంపు.

నీ
ఎర్మానో

*

పినెరోలో,
జులై 7

ఎర్మానోకి,

జూన్ ఇరవై తొమ్మిది సెయింట్ పీటర్ పండుగ. పియెరా అంటే ఆ పీటరే కాబట్టి, నా పేరు పండుగ. మర్నాడు కూర్చుని ఉత్తరం రాశావు. అందులో ఆవులున్నాయి, బ్యాటరీలున్నాయి, పొలెంతా ఉంది. నేను లేను. పోనీలే, ముప్పై నాలుగేళ్ళలో ఇది మొదటిసారేం కాదు.

నీ జాడలు చూశాను. చూడమన్నావుగా, బాగా చూశాను. అరవై దగ్గర ఏమీ లేదు. కానీ అడుగున, పదహారుకీ పదిహేడుకీ మధ్య, నిటారుగా ఒక గీత ఉంది. అదేమిటో నీకు తెలియదా? నలభై ఏళ్ళు ట్రాముల కరెంటు పని చేసినవాడివి, తెలియదంటే నమ్మమంటావా? మన రైళ్ళ కరెంటు ఊగనే ఊగదు. అంత నిదానంగా ఊగేది స్విస్ రైళ్ళ కరెంటు. మన పియెమోంతె ప్రాంతంలో ఆ తీగలు కొండ సొరంగం దాటి వచ్చేది ఒక్క చోటికే. ఇసెల్లె మీదుగా దొమోదొస్సోలా స్టేషన్ దాకా. రైలు ఎగువకి ఎక్కుతుంటే ఆ గీత కప్పని మింగిన పాములా ఉబ్బుతుంది, సొరంగంలో దూరాక మళ్ళీ సన్నబడుతుంది. నీ కాగితం మీద ఉన్నది ఆ గీతే.

ఇసెల్లె స్టేషన్ ఎదురుగా బార్ ఎవరిదో నేను చెప్పాలా? నన్ను చేసుకోకముందు నువ్వు ఉంగరం కొనిచ్చింది ఎవరికో చెప్పాలా?

పై మైదానంలో పడుకున్నావా, బార్ పై గదిలో పడుకున్నావా? మైరా లోయలో ఉన్నానని అందరికీ చెప్పి, తీగచుట్టతో సహా అక్కడికి పోయి, ఆ జాడనే తెచ్చి నా చేతికిచ్చావు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ నన్నెవరూ చూడలేదనుకుంటుందట. నిప్పు లేనిదే పొగ రాదు ఎర్మానో. నిజం రాయి. ఆవుల కథలు మాత్రం వద్దు.

సిల్వెస్త్రో సంగతి నాకేం తెలుసు? ఊళ్ళో వాళ్ళందరి ఆదివారాలకీ నేను కాపలానా?

పియెరా

*

గుడిసె నుంచి,
జులై 12

నా పియెరా, నా రత్నమా,

ఉత్తరం చదివి గుడిసె చుట్టూ పరిగెత్తాను. బతిస్తా కుక్క కూడా నాతో పరిగెత్తింది. ఇసెల్లె ఇక్కడి నుంచి రెండు వందల కిలోమీటర్లు ఉంటుంది! రెండు వందలు! మధ్యలో ఎన్ని కొండలు! అంత దూరపు రైళ్ళ రొద నా గోతిలోకి వచ్చి పడింది, నేను చూస్తూ కూర్చుని కూడా పోల్చుకోలేకపోయాను. నువ్వు వంటింటి బల్ల మీద కాగితం పరిచి పట్టేశావు. స్విస్ రైళ్ళే వచ్చాయంటే అమెరికా రాకపోదు. ఈ తీగచుట్ట పనిచేస్తోంది పియెరా! పదకొండేళ్ళలో ఇంత మంచి వార్త నాకెవరూ రాయలేదు.

క్లేలియా గొడవ చదివి ముందు అర్థం కాలేదు, తర్వాత నవ్వాగలేదు. ఏటా కార్డు పంపినా ఆవిడకి నేనంటే ఇప్పటికీ చిరాకే. బతిస్తాని అడుగు, జున్ను చేసే ముసలాయన్ని అడుగు, నేను ఆ కొట్టు దాటి కొండ దిగితే ఒట్టు. పేరు పండుగ మర్చిపోయినందుకు మాత్రం ఎన్ని తిట్లయినా తిట్టు, పడతాను. ఇక్కడ పసుపు పూలు విరగబూశాయి, కవర్లో పెడితే నలిగిపోతాయని పంపట్లేదు.

ఈ వార్త సిల్వెస్త్రోకి నువ్వే చెప్పు, కుళ్ళుకుంటాడు.

జులై 14

బతిస్తాకి నడుం పట్టేసి రెండు రోజులుగా పైకి రాలేదు. ఉత్తరం నా దగ్గరే ఉండిపోయింది. నీ ఉత్తరాన్ని మళ్ళీ చదివాను. నిన్న ఇంకోసారి చదివాను. ఈ ఉదయం జాడలన్నీ తెరిచి కళ్ళజోడు తుడుచుకుని ఆ గీతని మొదటి నుంచి చివరి దాకా చూశాను.

అది సన్నటి గీత. మొదటి నుంచి చివరి దాకా ఒకటే మందం. ఇంత దూరంలో ఒక్కొక్క రైలూ విడిగా కనపడదు, అన్నీ కలిసిన రొద మాత్రమే వస్తుంది. నా జాడలో ఎక్కడా ఉబ్బు లేదు.

మరి రైలు ఎగువకి ఎక్కితే ఉబ్బుతుందనీ, సొరంగంలో దూరాక సన్నబడుతుందనీ రాశావు. కప్పని మింగిన పాములా అన్నావు. అది పుస్తకంలో చదివి రాసే మాట కాదు. పట్టాల పక్కన తీగచుట్ట పాతి, రైలు కూతా గీతా కలిపి చూసినవాళ్ళు రాసే మాట. నేను ఆ చోట ఎప్పుడూ పాతలేదు. మనకి తెలిసినవాళ్ళలో ఇంకో తీగచుట్ట ఉన్నది ఒక్కడికే.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది పియెరా. ఇక్కడ నేను తప్ప ఎవరూ లేరు, నాకు చెప్పడానికీ ఎవరూ లేరు. అందుకే నిన్నే అడుగుతున్నాను. ఇసెల్లెకి ఎవరితో వెళ్ళావు?

ఎర్మానో

*

బతిస్తా కొట్టు నుంచి,
జులై 20

ప్రియమైన ఎర్మానో,

సిల్వెస్త్రోతో వెళ్ళాను. నాలుగు ఆదివారాలు.

నీకివ్వాల్సిన బ్యాటరీల గురించి అడగడానికని ఇంటికొచ్చాడు. గోడ మీద నీ జాడలు చూసి, "ఇవన్నీ నువ్వే చదువుతావా?" అన్నాడు. ఇసెల్లె కింద తనకొక పచ్చిక బయలు ఉందనీ, స్విస్ రైళ్ళ గీత చూద్దువు గాని రమ్మనీ అన్నాడు. వెళ్ళాను. రైలు కూత వినిపిస్తుంటే ఆ గీత ఉబ్బడం చూసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. వాడు నా పక్కన కూర్చుని, "నీకేం కనిపిస్తోంది పియెరా?" అని అడిగాడు. ముప్పై నాలుగేళ్ళుగా నువ్వు నన్ను అడిగేది "కనిపించిందా లేదా" అని. ఈ రెండు ప్రశ్నలకీ తేడా నీకు తెలియకపోవచ్చు. నాకు మాత్రం ఆ ఒక్క ప్రశ్నకే మనసు జారింది. దాచను.

మూడో ఆదివారం నా చెయ్యి పట్టుకున్నాడు. వెనక్కి తీసుకోలేదు. అంతకు మించి ఏమీ జరగలేదు, నమ్మితే నమ్ము. సెప్టెంబరులో తన దగ్గరికి వచ్చేయమన్నాడు. అవుననలేదు, కాదనలేదు. ఆ సాయంత్రం స్టేషన్ ఎదుట క్లేలియా బార్‌లో కాఫీ తాగాం. ఆవిడ మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "ఎర్మానో కొండ మీద గాలి తింటున్నాడా, ఇక్కడ కాఫీలు చల్లారిపోతుంటే?" అంది. ఆవిడ నీకు రాస్తుందని హడలిపోయాను.

తర్వాత నీ జాడలో ఆ గీత కనిపించింది. నిజం చెబుతున్నాను, ఒళ్ళంతా తేలికైంది. ఎర్మానో కూడా అక్కడికే పోతున్నాడు, హమ్మయ్య, అనుకున్నాను. నువ్వు తప్పు చేసి ఉండాలని నేను కోరుకున్నాను. నువ్వు తప్పు చేస్తే నా చెయ్యి నేను వెనక్కి తీసుకోనక్కర్లేదు. అందుకే సన్నటి గీత నా కళ్ళకి ఉబ్బి కనిపించింది. అచ్చు తప్పులు ఏరే కళ్ళట! క్లేలియా కార్డు కూడా తెరిచాను, సాక్ష్యం దొరుకుతుందని. "ఆరోగ్యం జాగ్రత్త, పియెరాని అడిగానని చెప్పు" అని ఉంది. చదివి ఏడుపొచ్చింది, నీ మీద నేరం దొరకలేదని.

నీ ఉత్తరం మెట్ల మీదే విప్పాను. మొదటి పేజీ చదివాను. నిన్ను దొంగని చేసి నేను రాస్తే, నువ్వు కుక్కతో కలిసి గుడిసె చుట్టూ పరిగెత్తావు. ఇంతటి పిచ్చివాణ్ణి మోసం చేయడానికి నాకు చేతులెలా వచ్చాయి? అక్కడే కూర్చుండిపోయాను. రెండో పేజీ తిప్పకుండానే లోపలికి వెళ్ళి సిల్వెస్త్రోకి ఫోన్ చేసి రానని చెప్పాను. ఆ తర్వాతే నీ అనుమానం చదివాను. ఇది నువ్వు నమ్మడానికి ఏ ఆధారమూ లేదు, నాకు తెలుసు. అయినా తెలుసుకో. నీ అనుమానానికి భయపడి వాణ్ణి కాదనలేదు. నీ సంతోషం చూసి కాదన్నాను.

నేను మారిపోయానని అబద్ధం చెప్పను. మళ్ళీ వంటింటి బల్ల దగ్గర కూర్చుని నీ అరవై కోసం మాత్రమే వెతకమంటే నావల్ల కాదు. గోతి దగ్గర నేనూ కూర్చుంటాను, ఏం కనిపిస్తోందో నన్నూ అడగాలి. దానికి నీకు మనసొప్పితేనే ఉంటాను.

ఈ ఉత్తరాన్ని పోస్టులో వేయలేదు. బతిస్తాతో నేనే పైకొస్తున్నాను, గుమ్మంలో అతనే నీ చేతికిస్తాడు. నేను గోడ అవతల ఉంటాను. నాలుగింటికి అతని బండి దిగిపోతుంది. పొమ్మంటే ఎక్కుతాను, ఏమీ అనను. కానీ తలుపు చాటు నుంచి చెప్పకు. బయటికొచ్చి నా మొహం చూస్తూ చెప్పు.

పియెరా