నువ్వు పంపిన రాగి రేకు

పారాదీప్

అమ్మకి దండాలు. నేను కులాసా.

మా ఓనరు అల్యూమినియం పడవకి లోతు చూపే మిషను కొన్నాడు. రంగుల తెర ఎండలో కనపడదని నేనే నలుపు తెలుపుది కొనిపించాను. నీళ్లలో మునిగి లోతు కొలిచే దాని గుండు పడవ వెనక బిగిస్తూ, గంగమ్మకి పూజ చేయించి నువ్వు పంపిన రాగి రేకు కూడా కింద పెట్టాను. నెల తిరక్కుండా అక్కడ లోహం తెల్లగా పొడై రాలింది. ఇక్కడే పనిచేసే మూలపేట మెకానిక్ యువరాజు చూసి, "ఉప్పునీటిలో రాగి తగిల్తే అల్యూమినియాన్ని తినేత్తాది మావా, ముందది తీసీ! పడవకి సిల్లడిపోద్ది" అన్నాడు. తీసేసి, చెక్క అడ్డంపెట్టి మళ్లీ బిగించాం. భయమేం లేదు.

నాన్న దగ్గు తగ్గిందా? జీడిపిక్కలు తడవనివ్వకు. చెల్లిని బడి మానిపించకు.

రేకు తీశానని కోప్పడకు. ఇప్పుడది నా మొలతాడుకే ఉంది. ఏ పడవెక్కినా నాతోనే ఎక్కుతుంది.

నీ కొడుకు
ఢిల్లీరావు