లోపలి సరుకు

అమ్మకి,

మన బండికి తాళం పడింది. కబేళా గేటు పక్కన నువ్వు పొయ్యి పెట్టుకునే చోట ఇప్పుడు పసుపు రంగు నిషేధం బోర్డు ఒకటి నిలబడి ఉంది. ఈ అన్యాయం చేసింది మున్సిపాలిటీ ఆరోగ్య శాఖ. పోయిన ఉత్తరంలో "నువ్వు లేకపోయినా నాన్న వండుతున్నాడు, బండి బాగానే నడుస్తోంది" అని నేనే రాశాను. అది అబద్ధం. నాన్న రాయమన్నాడు, నేను రాశాను.

ఇక క్షేమం సంగతి. ఇక్కడ మేమిద్దరం ఒంటికి బాగానే ఉన్నాం, మిగతాది చదివాక నీకే తెలుస్తుంది. అక్కడ నువ్వూ, అక్కా, బావా, కొత్తగా దిగిన బుల్లి దొరసానీ కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. అక్కా, ఈ ఉత్తరం అమ్మకి చదివి వినిపించేది నువ్వే కదా. నేను కోప్పడిన చోట గొంతు తగ్గించకు, నా తప్పు కనిపించిన చోట దగ్గి దాటెయ్యకు. ఉన్నది ఉన్నట్టు చదువు.

అమ్మా, నువ్వు అడిగినవాటికి జవాబులు. పెద్ద మూకుడు తుప్పు పట్టలేదు, నాన్న రోజూ తుడిచి బోర్లిస్తున్నాడు. ఆయన మోకాలి నొప్పి తగ్గింది. చేతులకి నూనె రాసుకుంటున్నాడా అన్నావు. రాసుకుంటున్నాడు కానీ వేళ్ళకి పట్టిన నీలం పోవడం లేదు. ఆ నీలం ఏమిటో కింద చెబుతాను. అక్కకి నడుం గట్టిపడాలి, మేక కాళ్ళు ఉడికించి చారు కాచి లారీ ఆయన చేతికి డబ్బా ఇచ్చి పంపమన్నావు. పంపలేనమ్మా. మేకలు ఎన్నో కోస్తున్నారు, కాళ్ళు మాత్రం ఒక్కటీ బయటికి రావడం లేదు.

కొత్త నిబంధన ఏమిటంటే, కబేళాలో మాంసం మీద ముద్ర వేస్తారు. ముద్ర పడితే మాంసం, పడకపోతే వ్యర్థం. పేగులు, పొట్ట, ఊపిరితిత్తులు, నెత్తురు, తలకాయ, కాళ్ళు, మనం లోపలి సరుకు అనేవన్నీ వ్యర్థం కింద వేశారు. తలా కాళ్ళూ బయటే ఉంటాయి కదా, అవి లోపలి సరుకు ఎలా అయ్యాయని చిన్నప్పుడు నిన్ను అడిగాను. "బాబుల ఇళ్ళ లోపలికి రానిదంతా లోపలి సరుకేరా" అన్నావు. ఇప్పుడు ఆ సరుకునంతా డ్రమ్ముల్లో వేసి, ఎవరూ ఎత్తుకుపోయి వండుకోకుండా మీద నీలం మందు పోస్తారు. తరవాత గుంత తీసి పూడుస్తారు. కోసేది నాన్న కాబట్టి డ్రమ్ములో వేసేదీ నాన్నే. మందు చిందుతుంది. అదీ ఆ నీలం.

మొన్న మధ్యాహ్నం నాన్నకి అన్నం పట్టుకెళ్ళాను. అప్పుడే కడిగిన పొట్ట ఒకటి ఆయన చేతిలో ఉంది. అలవాటు కొద్దీ కడిగేశాడు, పాపం. కడిగాక గుర్తొచ్చింది కాబోలు, కాసేపు అలాగే పట్టుకుని నిలబడి డ్రమ్ములో జారవిడిచాడు. మందు పోసే మనిషి "కడిగి మరీ పారేస్తున్నావేంటి మావా, గుంతకి మర్యాదా?" అని నవ్వాడు. నాన్న కూడా నవ్వాడు. నాకు మాత్రం అన్నం క్యారేజీ అక్కడే విసిరికొట్టాలనిపించింది.

అమ్మా, ఈ రెండు నెలల్లో నాకు తిండి మీద ఎంత ధ్యాస పెరిగిందో నీకు చెప్పినా నమ్మవు. నువ్వు పొట్టని వేడినీళ్ళలో ముంచి, సున్నం రాసి, నల్లపొర గీకుతూ ఉంటే అది తెల్లటి తువ్వాలులా బయటపడేది గుర్తుందా? పేగుల్ని నున్నటి పుల్ల మీద తిరగేసేదానివి, చొక్కా తిరగేసి ఉతికినట్టు. నెత్తురులో ఉప్పు కలిపి పళ్ళెంలో పోస్తే గడ్డకట్టేది, దాన్ని ముక్కలు కోసి ఉల్లిపాయల్లో వేసేదానివి. మిరియాలు పడేవరకూ ముక్కు మూసుకుని నడిచిన జనం, పడ్డాక ఆగి నిలబడేవాళ్ళు. రాత్రి డ్యూటీ దిగి వచ్చే నర్సమ్మ చెప్పులు విడిచి, బెంచీ మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని తినేది. రిటైరైన మాస్టారు తనని ఎవరూ చూడకూడదని రోడ్డుకి వీపు పెట్టి నిలబడి తినేవాడు, ఆ వీపుని ఊరంతా గుర్తుపట్టేది. మూటలు మోసేవాళ్ళు గబగబా మింగుతుంటే నువ్వు అరిచేదానివి: "నమిలి మింగు నాయనా, పేగు నమలకుండా మింగితే లోపల ఇంకో పేగనుకుని పలకరించుకుంటాయి!"

ఇప్పుడు గేటు ముందు ప్యాకెట్ల బండి వచ్చింది. తెల్ల కాగితంలో చుట్టిన ముక్కలు, ఎవరు తిన్నా ఒకటే రుచి. మాస్టారు కూడా దాని ముందు రోడ్డుకి ఎదురుగా నిలబడే తింటున్నాడు. కానీ సగం వదిలేస్తున్నాడు.

నిబంధన ఊరికే రాలేదని కూడా రాయాలి, లేకపోతే నేను అబద్ధాల కోరునవుతాను. వానల్లో చివరి బండి దగ్గర తిన్నవాళ్ళకి వాంతులు పట్టుకున్నాయి. ఒక మూటలాయన ఆసుపత్రిలో పడుకుని చావు తప్పించుకుని వచ్చాడు. ఆ బండివాళ్ళు కాలవ నీళ్ళతో కడిగారట. మనకి కబేళా లోపలి కుళాయి నీళ్ళు నాన్న మోసుకొచ్చేవాడు, వాళ్ళకి మోసేవాళ్ళు లేరు. దాని మీద విచారణ జరిగింది. ఆ విచారణ గురించే నీకు చెప్పకుండా ఇంతసేపూ బోర్డు గురించీ బండి గురించీ రాస్తూ వచ్చాను.

నువ్వు అక్క దగ్గరికి బయలుదేరిన వారానికి వార్డు ఆఫీసులో పెట్టారు. నాన్న ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చాడు. ఎదురుబండి పిన్నీ, కబేళా వాళ్ళూ, నాలాంటి కుర్రాళ్ళూ హాలు నిండా ఉన్నారు. అధికారి చెడ్డమనిషి కాడు. చెడ్డవాడైతే నాకు హాయిగా ఉండేది. ఆయన కలం తీసి, "ఇవి మీరు తినే ఆహారమా, పారేసే వ్యర్థమా? మీ నోటితో ఒక మాట చెప్పండి. ఆహారమైతే శుభ్రంగా ఎలా అమ్మాలో చూద్దాం, వ్యర్థమైతే పూడుద్దాం" అన్నాడు. అందరూ నాన్న వైపు చూశారు. నాన్న లేచి గొంతు సవరించుకున్నాడు. నలుగురిలో మాట్లాడి ఎరగడు కదా, కాస్త సమయం పట్టింది.

ఆ కాస్త సమయంలో నేను లేచాను.

అక్కా, ఆపకు, చదువు.

"వ్యర్థమే సార్!" అని అరిచాను. "వెన్నూ తొడా ఉన్నవాడికీ, పేగులూ పొట్టా లేనివాడికీనా? తరతరాలుగా మా చేత వ్యర్థం తినిపిస్తున్నారు, ఇక తినం!" కరపత్రంలో చదివిన మాటలమ్మా అవి, నా నోట్లో చాలా రోజులుగా నానుతున్నాయి. వెనక నుంచి చప్పట్లు పడ్డాయి. నిజం చెబుతున్నాను, ఆ చప్పట్లు నాకు తియ్యగా ఉన్నాయి. అధికారి తల ఊపి, "అంటే తినేవాళ్ళే వీటిని వ్యర్థం అంటున్నారు" అని రాసుకున్నాడు. నేను అడిగింది మేకలో మంచి ముక్క మాకూ పంచమని. ఆయన రాసుకున్నది మాకున్న ముక్క కూడా లాగెయ్యమని. నాన్న ఇంకా నిలబడే ఉన్నాడు. ఆయన చెప్పాల్సిన మాట గొంతులోనే ఉండిపోయింది. కాసేపటికి కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక ఏమన్నాడో తెలుసా? "గట్టిగా మాట్లాడావురా" అన్నాడు. అంతే. ఒక్క దెబ్బ వేసి ఉంటే బాగుండేది. ఇవాళ నీకు నిజం రాస్తానంటే, "ఆరోగ్య శాఖ అని రాయి చాలు, నీ సంగతి మీ అమ్మకెందుకు" అన్నాడు. అందుకే ఈ ఉత్తరం అలా మొదలైంది. ఆరోగ్య శాఖ వేసింది తాళం, నిజమే. తాళంచెవి చేతిలో పెట్టింది నేను.

ఇంకొకటి ఉంది. ఇది రాయడానికి కలం కదలడం లేదు. కరపత్రం మాటలు నమ్మే అలా అన్నానని అందరూ అనుకుంటున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ మా ప్రెస్సులో, కరపత్రాలు మడతపెట్టే చోట, కుర్రాళ్ళకి మా అమ్మ రొట్టెలు అమ్ముతుందని చెప్పాను. ఒకరోజు ఎవరో ముక్కు ఎగరేసి, "కబేళా కంపు కొడుతోంది, ఎవర్రా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అందరికంటే గట్టిగా. ఆ రోజు నుంచి చొక్కా రెండేసిసార్లు సబ్బుపెట్టి ఉతుకుతూ వచ్చాను. నువ్వు "ఏంట్రా, పెళ్ళిచూపులా?" అని ఏడిపించావు కూడా. ఆ హాల్లో నాకు వచ్చిన కోపం న్యాయం కోసమని అనుకున్నాను. తవ్వి చూస్తే అడుగున ఉన్నది సిగ్గు. నీ చేతి వంటని చూసి సిగ్గుపడ్డాను. ఆ సిగ్గుకి పెద్ద పెద్ద మాటలు తొడిగాను.

మా ప్రెస్సు కుర్రాళ్ళ గుంపులో పెద్దవాడు ఉన్నాడు చూడు, నాకు కరపత్రాలు చదవమని ఇచ్చిన అన్న. బండి మూతపడ్డాక ఆయనే నా దగ్గర కూర్చుని నిట్టూర్చాడు.

"కబేళా దగ్గర ఒకావిడ పేగులు వండేదిరా. ఆవిడ బండి కూడా పోయిందట. నాకు వారానికోసారి అక్కడ తినకపోతే చదివింది ఒంటబట్టదు. ఆవిడ ఎక్కడికి వెళ్ళిందో తెలుసా?"

"తెలుసన్నా" అన్నాను.

"ఎక్కడికి?"

"మా అక్క దగ్గరికి. పురుడు పొయ్యడానికి."

"రొట్టెలన్నావు కదరా" అన్నాడు. లేచి వెళ్ళిపోయాడు.

పిన్ని మాత్రం ఆయనలా ఊరుకోలేదు. నీతో గిన్నెకీ గరిటెకీ కూడా పోటీపడి పోట్లాడే మనిషి, నువ్వు లేని సమయం చూసి మన గుమ్మంలోకి వచ్చింది. నాన్న ముందే అందుకుంది.

"ఒరేయ్ కరపత్రం! మీ అమ్మ పేగు తెంచుకుని పుట్టినవాడివి, పేగుని వ్యర్థం అంటావట్రా? అలా అయితే మీ అమ్మ నిన్నేమని కన్నట్టు?"

"తప్పయింది పిన్నీ" అన్నాను.

"తప్పయిందంటే? మీ అమ్మ కూరలో ఉప్పు తక్కువ. ముప్పై ఏళ్ళుగా చెబుతున్నా వినదు. కానీ ఆవిడ కడిగినంత శుభ్రంగా నేను కూడా కడగను, ఆ మాట నాలుగు దిక్కులా చెబుతా. చివరి బండి వాడు కాలవ నీళ్ళు వాడాడు. అయితే వాడికి కుళాయి వెయ్యాలి గానీ అందరి కూరా గుంతలో పొయ్యమని ఎవడన్నాడు? నువ్వన్నావు."

"ఇప్పుడేం చెయ్యను?"

"నీ నోటితో పోయింది, నీ నోటితోనే తే" అంది.

అమ్మా, తెస్తాను. ఆ అధికారి దగ్గరికి నేనూ పిన్నీ వెళ్ళాం. నేను అన్న మాట వెనక్కి తీసుకుంటానని చెప్పాను. ఆయన నవ్వలేదు, కసరలేదు. "మాట వెనక్కి తీసుకోవడం చాలదు బాబూ. వండేవాళ్ళు వచ్చి ఎలా కడుగుతారో చూపించాలి. చూశాక మళ్ళీ విచారణ పెడతాను" అన్నాడు. తేదీ ఇచ్చాడు. పిన్ని అప్పటినుంచి ఇల్లిల్లూ తిరుగుతోంది. నేను ప్రెస్సులో సొంత పేరు మీద ఒక కరపత్రం కొట్టించాను. అందులో అరువు మాటలు లేవు. "మాకు కుళాయి కావాలి, గుంత వద్దు. ఇది మా ఆహారం. వ్యర్థం అన్నవాడు తప్పు చెప్పాడు, ఆ తప్పు చెప్పింది నేనే" అని ఉంది. మా ప్రెస్సు కుర్రాళ్ళే దాన్ని మడతపెట్టారు. వాళ్ళు చదివారు. ఒకడు మాత్రం, "మీ అమ్మ వచ్చాక మాకో పళ్ళెం పెట్టిస్తావా?" అని అడిగాడు.

నువ్వు రావాలమ్మా. పిన్ని పేగులు బాగానే తిరగేస్తుంది కానీ పొట్ట గీకడం నీ చేతిలా రాదు. నాన్న చెయ్యగలడు, కానీ నలుగురి ముందు చేతులు వణుకుతాయంటున్నాడు. వేడినీళ్ళూ సున్నమూ పుల్లా అన్నీ నేను సిద్ధం చేస్తాను, పక్కన కూర్చుని నీళ్ళు పోస్తాను. నాన్న ఈసారి నిలబడి మాట్లాడతాడు. ఎంతసేపు గొంతు సవరించుకున్నా నేను నోరెత్తను. ఆయన చెప్పాకే లేచి, ముందు నేను చెప్పింది తప్పని అందరి ముందూ చెబుతాను. నన్ను కొట్టాలనిపిస్తే అక్కడే కొట్టు, ఆఫీసు మెట్ల మీద, అందరూ చూస్తుండగా. ఇంట్లో తలుపేసి కొడితే నాకు తేలికైపోతుంది.

అక్కా, నీకు ఇంకా ఒంట్లో ఓపిక లేదని తెలుసు. అమ్మని ఒక్క రెండు రోజులు వదులు. బావకి ఒక పూట అన్నం వండుకోవడం వచ్చు, రాకపోతే నేర్చుకోమను. లారీ ఆయన మంగళవారం మధ్యాహ్నం మీ వీధి చివర ఆగుతాడు, ముందు సీటు అమ్మకి ఉంచమని చెప్పాను.

బుధవారం పొద్దున పది గంటలకి, వార్డు ఆఫీసు మెట్ల దగ్గర. బండి పెట్టినవాళ్ళూ, బండి దగ్గర నిలబడి తిన్నవాళ్ళూ, తిని ఎవరికీ చెప్పుకోనివాళ్ళూ, అందరూ రావాలి. అందరికంటే ముందు నువ్వు రావాలి.

ఇట్లు,
తల ఎత్తలేకుండా ఉన్న
నీ కొడుకు