జొన్నల బాన వెనక గోడ

అత్తా,

నువ్వు ఉన్నప్పుడూ చదవలేవు, ఇప్పుడూ చదవలేవు. అయినా రాస్తున్నాను.

కర్నూలు మనకు రాజధాని అయిన ఏడాది, అక్షరాలు నేర్చుకుంటానన్నాను. పెద్దపాప పలక మీద రోజుకొకటి దిద్దుతానంటే నువ్వు కసురుకున్నావు. "నలుగురు బిడ్డల తల్లివి. దినానికొకటి యాడయితాది మే? వారానికొకటి పెట్టుకో, అదే శానా." నా చదువుకు అడ్డం పడుతున్నావని నెల రోజులు నీతో సరిగా మాట్లాడలేదు. చివరికి వారానికొకటే కుదిరింది. సంగటికి ఎసరు కాగేంతసేపు నేను దిద్దేదాన్ని. నువ్వు చంటిదాన్ని చంకనేసుకుని నా వెనకే నిలబడేదానివి.

రేపటికి నువ్వు పోయి ఏడాది. ఇంటికి సున్నం కొట్టాలని ఇవాళ జొన్నల బాన జరిపాము. వెనక గోడ మీద బొగ్గుతో రాసిన అక్షరాలున్నాయి. అ, ఆ మొదలుకొని వరసగా, వంకరగా. పిల్లల పనే అనుకుని తుడవబోయాను. ఒక్కో అక్షరం పక్కన కుంకుమ బొట్టు కనిపించింది. కొత్త కుండనైనా చేటనైనా బొట్టు పెట్టనిదే ముట్టనిది ఈ ఇంట్లో నువ్వొక్కదానివే.

తుడవబోయిన గుడ్డ పక్కన పెట్టాను. "ఏందిమా, ఏమయింది?" అని పెద్దపాప అడిగితే బొట్లు చూపించాను. వారానికొకటి అన్నది నన్ను ఆపడానికే అనుకున్నాను, అత్తా.

చివరి అక్షరం మ. నువ్వు మంచం పట్టిన వారం నేను దిద్దింది అదే. దాని పక్కన బొట్టు లేదు.

ఆ గోడకు సున్నం వద్దని చెప్పి, కుంకుమ భరిణె తెచ్చి నేనే పెట్టాను.