మూడు ప్రశ్నల కాగితం

ఆగిరిపల్లి,
4-5-1949.

చిరంజీవి వెంకటకృష్ణారావుకు మేనమామ బసవపున్నారావు దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. నీ క్షేమం తెలియజేయగలవు.

శనివారం సాయంత్రం ఈదురుగాలి కొట్టింది. వాన మాత్రం నాలుగు చినుకులే. పడమటి వరసల్లో రసాలు ఏడెనిమిది గంపలు రాలాయి. ఏరించి, పగిలినవి పశువులకు వేసి, మిగిలినవి నూజివీడు పంపేసరికి మూడు రోజులు పట్టింది. అందుకే జవాబు ఆలస్యమైంది.

నువ్వు పంపిన మూడు ప్రశ్నల కాగితం అందింది. మన వైపు ఎలా అడుగుతారో కనుక్కుని రాయమన్నావు. మీ కాలేజీకి కావాలన్నావు. మన తోట సంగతి మద్రాసు కాలేజీకి ఎందుకో నాకు బోధపడలేదు. అయినా అంత దూరాన ఉన్నవాడివి పేర్లతో సహా అడిగావంటే ఏదో విని ఉంటావు. ఊళ్లో ఎవరూ ఊరికే ప్రశ్న అడగరు.

మొదటిది: “తోటలో కాయలు ఎవరు దొంగతనంగా కోశారు?” కాయలు పోయినట్టు నాకే తెలియదు. కావలి ఉండే చిన్నరాయప్పను పిలిచి గట్టిగా అడిగాను.

“కూర్చోండయ్యా, చెబుతాను” అన్నాడు.

“నిలబడే వింటాను, చెప్పు.”

“వింటే మీరు మధ్యాహ్నం అన్నం తినరు.”

అప్పుడు కూర్చున్నాను. కోయించింది మీ అత్తయ్యట. మూడేళ్లుగా.

రెండోది: “నాగేంద్రమ్మ గంప ఎక్కడికి పంపింది?” దానికీ అతనే జవాబు చెప్పాడు. చాట్రాయిలో మీ అత్తయ్య అన్నగారింటికి. ఏటా మన తొలికోతకు నాలుగు రోజుల ముందు, గడ్డి పరిచిన గంపలో పెద్దరసాలు. మోసింది తనేనట. “అమ్మగారు పంపితే దొంగతనం ఎట్టా అవుద్దయ్యా?” అని నన్నే అడిగాడు.

ఇరవై ఏళ్లు ఒక ఇంట్లో ఉండి నాకు తెలియనిది నీకు మద్రాసులో ఎవరు చెప్పారు?

మూడో ప్రశ్న మీ అత్తయ్యనే అడగాల్సింది కనుక ఆదివారం దాకా ఆగుతాను.

ఇట్లు,
బసవపున్నారావు.

తా.క. ఆమెకు ఇంకా ఏమీ చెప్పలేదు. చెప్పకుండానే తెలిసినట్టుంది. రెండు రోజులుగా రెండు పూటలా పచ్చిపులుసే.


మద్రాసు,
7-5-1949.

పూజ్యులైన మామయ్యగారికి వెంకటకృష్ణారావు నమస్కరించి రాసే విన్నపం.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాకెవరూ ఏమీ చెప్పలేదు. అవి ప్రశ్నలు కావు మామయ్యా. అంటే ప్రశ్నలే, కానీ జవాబు కోసం రాసినవి కావు.

మా ప్రొఫెసరు దొర భాషల మీద పుస్తకం రాస్తున్నాడు. ఇంగ్లీషులో ఎవరు, ఏమిటి, ఎక్కడ లాంటి మాటలు వాక్యంలో ఎక్కడ పుట్టినా లేచి వచ్చి మొదట నిలబడతాయి. వాక్యం ఎంత పొడుగైనా, ఒకరి మాటలో ఇంకొకరి మాట ఉన్నా, ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి వస్తాయి. మన తెలుగులో అలా కాదు. “గంప చాట్రాయికి పంపింది” అంటాం. ఊరు తెలియకపోతే చాట్రాయిని లేపి అదే పీట మీద ‘ఎక్కడికి’ని కూర్చోబెడతాం. నా గదిలో ఉండే తమిళుడి భాషలోనూ అంతే. చీనా వాళ్లదీ అదే పద్ధతిట. మన పల్లెల్లో ఏం చేస్తారో దొరకు కావాలి. మీరు ఆ వాక్యాలు మనవాళ్లు ఎలా అంటారో రాస్తే చాలు. విచారణ అక్కర్లేదు.

తెలిసిన పేర్లు పెడితే జనం సహజంగా మాట్లాడతారని దొర చెబితే మన ఇంటి పేర్లే పెట్టాను. దొరకు పెళ్లి కాలేదు.

మూడో ప్రశ్న మాత్రం అత్తయ్యను అడగవద్దు. అది వాక్యం పొడుగు కోసం రాసింది. దయచేసి కాగితం చింపేయండి.

ఇట్లు,
వెంకటకృష్ణారావు.

తా.క. అత్తయ్యకు నా నమస్కారాలు చెప్పవద్దు. ప్రస్తుతానికి నన్ను ఎవరూ గుర్తు చేయకపోతే మేలు.


ఆగిరిపల్లి,
11-5-1949.

చిరంజీవి వెంకటకృష్ణారావుకు మామయ్య దీవించి రాసేది.

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. నేను ఆదివారమే అడిగాను.

మీ అత్తయ్య ఆవకాయకు ముక్కలు కొడుతోంది. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివాను. “కల్యాణి ఎవరిని పెళ్లి చేసుకుంటుందని నాగేంద్రమ్మ అనుకుంటోంది?” కత్తి ఆగింది.

“అదేం ప్రశ్నండీ? మా అన్నయ్య కొడుకు పాండురంగారావుని. ఇంకెవర్ని?”

మన ఇంట్లో ఒక పద్ధతి ఉంది. తొలికోత గంప ఏ ఇంటికి వెళితే ఆ ఇంటితో పిల్లకు పెళ్లి మాట ఉన్నట్టు. అది మా నాన్న పెట్టింది. మా కల్యాణి పుట్టినప్పటి నుంచి, పద్దెనిమిదేళ్లుగా, ఆ గంప గుడివాడలో మీ అమ్మకే పంపుతున్నాను. అంటే పిల్ల నీది. ఇది పైకి ఎవరితోనూ అనలేదు. గంప వెళుతుంటే అనేదేముంది? మూడేళ్లుగా నా గంప కంటే ముందు మీ అత్తయ్య గంప చాట్రాయి చేరుతోంది. ఆమె కూడా పైకి ఎవరితోనూ అనలేదు. వాళ్లు గంప తీసుకుని జ్యేష్ఠంలో ముహూర్తం చూసుకున్నారు. ఇరవై రెండో తేదీ ఆదివారం మాట ఖాయం చేసుకోవడానికి వస్తున్నారు.

నువ్వు అడిగిన వాక్యాలు రాస్తున్నాను. నెమ్మదిగా ఉన్నప్పుడు నేను “గంప ఎక్కడికి పంపావు?” అన్నాను. మధ్యలో ఉంది, నువ్వు చెప్పినట్టే. ఆమె “ఎవరు చెప్పారండీ మీకు?” అంది. ముందుకొచ్చింది. నేను “నాకు తెలియకుండా పంపడం ఏంటి?” అన్నాను. చివరికి పోయింది. “మధ్యలో నన్ను లాగడం దేనికయ్యా?” అని చిన్నరాయప్ప. అదీ చివరే. కోపమొస్తే మన ప్రశ్న ఏ పీట మీదా కూర్చోదు, ఇల్లంతా తిరుగుతుంది. దొరకు చెప్పు.

ఇప్పుడు నిన్ను అడుగుతున్నాను. నీకు కల్యాణి కావాలా, వద్దా? ఇది మాత్రం జవాబు కోసమే.

ఇట్లు,
బసవపున్నారావు.

తా.క. నీ ఉత్తరం మీ అత్తయ్య తీసి చదివింది. దొరకు పెళ్లి కాలేదన్న చోట నవ్వింది. నామీద కోపంగా ఉన్న సంగతి గుర్తొచ్చి మధ్యలో మానేసింది.


మద్రాసు,
14-5-1949.

పూజ్యులైన మామయ్యగారికి వెంకటకృష్ణారావు నమస్కారాలు.

ఏటా మా ఇంటికి గంప వస్తే కాయలు తిన్నాను. అందులో మాట ఉందని మా అమ్మ కూడా చెప్పలేదు. ఆమె టెంకలు లెక్కపెట్టి దొడ్లో నాటించేది, అంతే.

నిన్న మీ ఉత్తరం మెస్సులో చదివాను. పాండురంగారావు పేరు దగ్గరికి వచ్చేసరికి ముద్ద గొంతులో ఆగింది. తమిళుడు వీపు మీద గుద్దితే గాని దిగలేదు. రాత్రికి కూడా అన్నం సయించలేదు. పాండురంగారావు మంచివాడే, నాకు తెలుసు. అందుకే భయంగా ఉంది.

నాకు కల్యాణి కావాలి మామయ్యా. ఈ సంగతి నాకు నిన్న మధ్యాహ్నమే తెలిసింది. అంతకుముందు ఎవరూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు. పరీక్షలు ఇరవై ఆరుకు అయిపోతాయి. ఇరవై ఏడు శుక్రవారం ఉదయం బెజవాడలో దిగి ఆగిరిపల్లి వస్తాను. అంతవరకు చాట్రాయి వాళ్లకు మాట ఇవ్వకండి. అత్తయ్య కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను.

ఇట్లు,
వెంకటకృష్ణారావు.

తా.క. మీ కోపపు వాక్యాలు చూసి దొర కుర్చీలోంచి లేచాడు. పుస్తకంలో ఒక అధ్యాయం మొత్తం కొట్టేశాడు. మీ ఇద్దరూ ఇంకొకసారి పోట్లాడితే ఆ వాక్యాలు కూడా పంపమన్నాడు. అలా అడగడం మర్యాద కాదని చెప్పాను. వీలైతే పంపండి.


ఆగిరిపల్లి,
24-5-1949.

చిరంజీవి వెంకటకృష్ణారావుకు మామయ్య దీవించి రాసేది.

ఎండలు ముదిరాయి. రసాల కోత సగం అయింది. మనుషులు దొరకడం కష్టంగా ఉంది.

ఆదివారం చాట్రాయి నుంచి మా బావమరిది, ఆయన భార్య, పాండురంగారావు వచ్చారు. నేను మా మేనల్లుడు పిల్లను అడుగుతున్నాడని చెప్పాను.

“తొలిగంప మా ఇంటికొచ్చింది బావా” అన్నాడు మా బావమరిది.

“తొలిగంప మా అక్క ఇంటికి వెళ్లింది.”

సాక్ష్యానికి చిన్నరాయప్పను పిలిచారు. “రెండూ నేనే మోశానయ్యా. ఏది తొలిగంపో దాని మీద రాసి లేదు” అన్నాడు. మీ అత్తయ్య తన అన్న వైపు, నేను నీ వైపు గంటసేపు అరుచుకున్నాం. ఆ వాక్యాలు దొరకు పంపదగ్గవి కావు.

అంతసేపూ పాండురంగారావు అరుగు మీద మాట్లాడకుండా కూర్చున్నాడు. చివరికి, “కల్యాణి ఏమంటోంది?” అన్నాడు.

పద్దెనిమిదేళ్లలో ఆ ప్రశ్న మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు. నీ కాగితంలోనూ లేదు.

కల్యాణి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “అడిగారు కనక చెబుతున్నా. ఇద్దరు బావల్లో ఎవరూ వద్దు. గుంటూరులో నర్సు ట్రైనింగుకి సీటొచ్చింది. రేపు వెళ్లాలి” అంది. నూజివీడు స్కూల్లో దానితో చదివిన లీదియా, అదీ కలిసి దరఖాస్తు పెట్టారట. పరాయివాళ్ల పుండ్లు కడిగే పని మా ఇంటి పిల్లకేంటని మీ అత్తయ్య గోడకు ఆనుకుని కూర్చుంది. తండ్రి సంతకం లేకుండా సీటు ఎలా ఇస్తారని నేను అడిగాను.

“సంతకం మీదే నాన్నా” అని కాగితం చూపించింది. నాదే. మార్చిలో తోటకు తడి పెట్టిస్తున్నప్పుడు బోదె గట్టు మీద పెట్టానట. ఏం కాగితమో నేను అడగలేదు.

చాట్రాయికి ఇవ్వడానికి నేను ఒప్పుకోను. నీకు ఇవ్వడానికి మీ అత్తయ్య ఒప్పుకోదు. గుంటూరు మాటకు ఇద్దరం కలిసి ఏడ్చి, ఏడుస్తూనే సరేనన్నాం. ఇరవై ఏళ్లలో మేమిద్దరం ఒక మాట మీద ఉండడం అదే మొదలు కనుక కాదనడానికి ఎవరూ మిగల్లేదు.

ఇట్లు,
బసవపున్నారావు.

తా.క. నువ్వు శుక్రవారం రావచ్చు, కోతకు మనిషి సాయం కావాలి. చాట్రాయి వాళ్లు ఆదివారం భోజనం చేసి మూడింటికి వెళ్లారు. కల్యాణి, లీదియా సోమవారం ఉదయం ఆరున్నర బస్సుకు వెళ్లారు.