నూట ఎనభై ఒకటో ట్యూబు

మార్చి 3, సోమవారం

సెలవు అయిపోయింది. నాలుగు నెలల తర్వాత మళ్లీ ల్యాబ్. కోటు బొత్తాలు పట్టలేదు. వదిలేసి అలాగే తిరిగాను. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడం కూడా నాకు వినిపిస్తుంది.

నేను లేనప్పుడు కొత్త స్టడీ మొదలైంది. తల్లి బరువుకీ ఆమె పాలలో ఉండేవాటికీ సంబంధం ఏమిటని. మొత్తం నూట ఎనభై మంది తల్లులు. పేర్లుండవు, నెంబర్లే. సన్నటి గాజు ట్యూబులోకి చుక్క పాలు ఎక్కించి, ఒక కొస మూసి, మెషీన్‌లో గిర్రున తిప్పడం నా పని. మీగడ ఒక పక్కకి చేరి తెల్లటి గీతలా నిలబడుతుంది. గీత ఎంత పొడుగుంటే అంత కొవ్వు.

పాపని అత్తయ్య చూసుకుంటోంది. బుగ్గలు చూసి మా ఆయన దానికి బన్ను అని పేరు పెట్టాడు. ఇంటికెళ్లేసరికి నా చీర వాసన పట్టి ఏడుపు లంకించుకుంది. హాయిగా అనిపించింది.

మార్చి 5

మీటింగ్. ఇప్పటిదాకా వచ్చిన లెక్కలు స్టడీ నడిపే మేడమ్ బోర్డు మీద వేశారు. బరువెక్కువున్న తల్లుల పాలలో కొవ్వు కొంచెం ఎక్కువట. ఆకలిని నడిపే హార్మోన్లు కూడా కొంచెం ఎక్కువట. కొంచెం అన్న మాట కింద రెండు గీతలు గీశారు. గీతలు కనిపించాయి. మాట మాత్రం చెవికెక్కలేదు.

నేను తొంభై నాలుగు కేజీలు.

మార్చి 7, శుక్రవారం, మధ్యాహ్నం 1.40

స్టోర్ రూమ్‌లో రోజూలాగే పంపుతో పాలు తీశాను, సోమవారం అత్తయ్య పాపకి పట్టడానికి. బాటిల్ నిండాక ఆఖరున వచ్చిన చుక్కలు ట్యూబులోకి పట్టాను.

మెషీన్‌లో పెట్టేశాను. నెంబరు 181.

సాయంత్రం 4.15

పదకొండు శాతం మీగడ. మిగతావాళ్ల సగటు ఆరున్నర.

మూడుసార్లు తిప్పాను. మూడుసార్లూ పదకొండే.

మార్చి 8, శనివారం

హెల్త్ సెంటర్‌లో బన్ను బరువు తూచారు. ఏడు కేజీల ఎనిమిది వందలు. నర్సు కార్డు మీద చుక్క పెట్టి, దిట్టంగా ఉంది మీ పిల్ల అని మెచ్చుకుంది. చుక్క పై గీతకి దగ్గరగా ఉంది. గీత లోపలే ఉంది. అయినా దగ్గరగా ఉంది.

ఇంటికొచ్చి దాని తొడల మీద మడతలు లెక్కపెట్టాను. ఒక్కో కాలికి మూడు.

స్కూల్లో నన్ను డ్రమ్ము అనేవాళ్లు. ఆరో తరగతిలో టీచరు అందరి బరువులూ పైకి చదివింది. నా వంతు వచ్చేసరికి ఆగి, మెషీన్ సరిగ్గానే ఉందా అని ఇంకో టీచర్ని అడిగింది. క్లాసు క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. అప్పట్నుంచీ ఎక్కడికెళ్లినా ముందు నేనే నవ్వేస్తాను.

దీన్ని ఎవరూ అలా పిలవకూడదు.

మార్చి 10

పొద్దున బ్రెడ్ మానేశాను. మధ్యాహ్నం దోసకాయ ముక్కలు. సాయంత్రం సూపు.

ఇంకోటి కూడా. మొదట వచ్చే పాలు పలచన. కొవ్వంతా చివర్లో వస్తుంది. ఈ సంగతి నాకు తెలిసినంతగా ఈ వీధిలో ఎవరికీ తెలియదు. అందుకని బన్ను తాగుతుండగా ఐదు నిమిషాలకే విడిపించేశాను, ల్యాబ్‌లో పంపు కూడా అంతే. గుక్క పట్టింది. భుజాన వేసుకుని నడిచాను.

అలవాటైపోతుందిలే.

మార్చి 13

అలవాటవలేదు.

మార్చి 17

పాప గంటకోసారి లేస్తోంది. తన పిడికిలి తనే చీకుతోంది. విరేచనం పచ్చగా, నురగలా అవుతోంది. పిల్లకి పాలు చాలట్లేదేమోనే అమ్మాయ్ అంది అత్తయ్య. పళ్లొస్తున్నాయేమో అన్నాను. నాలుగు నెలలకే పళ్లేమిటే అని నా ముఖంలోకి చూసింది. నా కంచంలోకి కూడా చూసింది. కంచంలో ఏముందని చూడ్డానికి!

మా ఆయనకి లిఫ్టులు రిపేరు చేసే పని. ఏది ఎక్కడ ఆగిపోయిందో చప్పుడుని బట్టి చెప్పేస్తాడు. నీకేమైంది అని అడిగాడు. ఏం కాలేదన్నాను. ఏం కాకపోతే ఇంత నిశ్శబ్దమేమిటి అన్నాడు.

నేను రెండు కేజీలు తగ్గాను. సంతోషం రాలేదు.

మార్చి 22, శనివారం

ఏడు కేజీల ఐదు వందల యాభై.

పెరగాల్సిన రోజుల్లో పావు కేజీ తగ్గింది. నర్సు మళ్లీ తూచింది. ఎంతసేపు తాగుతోందని అడిగింది. పదిహేను నిమిషాలు అని చెప్పాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో. వారంలో మళ్లీ తీసుకురండి, ఇలాగే ఉంటే డాక్టరుకి చూపిద్దాం అంది.

తగ్గాలనే కదా చేశాను? మరి బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆ కార్డు పదేపదే ఎందుకు తీసి చూశాను?

మార్చి 25, మంగళవారం, ఉదయం 11

మేడమ్ పిలిచారు. మెషీన్ రికార్డు ముందు పెట్టారు. మన స్టడీలో ఉన్నది నూట ఎనభై మంది కదా, ఈ నూట ఎనభై ఒకటో ఆవిడ ఎవరు అని అడిగారు.

 అంతా చెప్పేశాను. ట్యూబు, పదకొండు శాతం, ఐదు నిమిషాలు, పావు కేజీ.

కేకలేస్తారనుకున్నాను. ఆ చుక్కలు ఎప్పుడు పట్టావు, ముందా చివరా అని అడిగారు.

చివర అన్నాను. అన్నాక నాకే వినపడింది. ప్రతి తల్లికీ ఫోన్‌లో నేనే చెబుతాను, మొత్తం తీసి, బాగా కలిపి, అందులోంచి పంపమని. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది.

మేడమ్ కాగితం మీద గీసి చూపించారు. ఒకే తల్లిలో మొదటి చుక్కకీ చివరి చుక్కకీ ఉండే తేడా, లావు తల్లికీ సన్న తల్లికీ ఉండే తేడా కంటే చాలా ఎక్కువ. మనం చూస్తున్నది గుంపు లెక్క, నీ ఒక్కదాని జాతకం కాదు అన్నారు. మరి ఆ కొంచెం వల్ల పాపకేమైనా అవుతుందా అని అడిగాను. నిజం చెప్పాలంటే అది ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియదు, తెలుసుకోడానికే ఈ తంటాలు అన్నారు. ఆకలితో ఉంచితే ఏమవుతుందో మాత్రం మనకి బాగా తెలుసు, వెళ్లు, ఇంటికెళ్లి పాలియ్యి అన్నారు.

గుమ్మం దాకా వెళ్లాక మళ్లీ పిలిచారు. జరిగింది రాసి సంతకం పెట్టాలి. మూడు నెలలు ఈ శాంపిల్స్ ముట్టుకోకూడదు. కంచే చేను మేస్తే ఇంకెవర్ని నమ్మాలి అన్నారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. గుచ్చుకోవాల్సిందే.

మధ్యాహ్నం 2

బన్ను ఇరవై రెండు నిమిషాలు తాగింది. తనంతట తనే వదిలేసింది. పిడికిలి విప్పుకుంది.

మార్చి 26

మా ఆయన్నీ అత్తయ్యనీ కూర్చోబెట్టి చెప్పాను. మా ఆయన, దాని ఏడుపు వింటూ ఎలా ఉండగలిగావు అని ఒక్కటే అడిగి లేచి వెళ్లిపోయాడు.

అత్తయ్య తిడుతుందనుకున్నాను. బట్టలు మడతపెడుతూ మొదలుపెట్టింది. మా ఆయన పుట్టినప్పుడు తను నలభై కేజీలుండేదట. ఈ పుల్ల దగ్గర పాలేముంటాయి, ఉన్నా నీళ్లేగా అని ఇంటిల్లిపాదీ అన్నారట. మూడో వారానికే డబ్బా పాలకి మార్చేశారు. తన పాలు రోజూ పిండి పారబోసుకునేదట. ఎన్నాళ్లు అని అడిగాను. ఎండిపోయేదాకా అంది.

మడతపెట్టిన బట్టే మళ్లీ విప్పి మడతపెట్టింది. సన్నగా ఉన్నా తప్పే, లావుగా ఉన్నా తప్పే, అసలు తల్లంటే ఎన్ని కేజీలుండాలో ఎవడైనా చెప్పి చచ్చాడటే అంది.

ఇద్దరం నవ్వాం. ఈసారి నేను ముందు నవ్వలేదు. తర్వాత తను ఏడ్చింది. ముప్ఫై రెండేళ్ల కిందటి పాల కోసం.

మార్చి 29, శనివారం

ఏడు కేజీల ఆరు వందల ఎనభై. నర్సుకి కూడా నిజం చెప్పాను. కార్డు మీద ఏదో రాసుకుంది. తిట్టలేదు, మెచ్చుకోలేదు. వచ్చే శనివారం రండి అంది.

మార్చి 31

భోజనం చేశాను. కడుపునిండా. మా ఆయన ఎదురుగా కూర్చున్నాడు. నా గ్లాసులో నీళ్లు పోశాడు.

ఏప్రిల్ 5

ఏడు కేజీల తొమ్మిది వందలు. చుక్క మళ్లీ పై గీతకి దగ్గరగా వచ్చింది. భయం పోలేదు. పోతుందని ఎవరూ చెప్పలేదు కూడా. పదేళ్ల తర్వాత ఏ క్లాసులో ఎవరు ఏం పిలుస్తారో ఇప్పుడే ఎలా తెలుస్తుంది? పిలిస్తే నేను ఆ క్లాసుకి వెళతాను. అంతవరకే అనుకున్నాను.

ఏప్రిల్ 19, సాయంత్రం 5

ఇవాళ పాలు తాగుతూ కొరికింది. పన్ను లేదు, ఉత్త చిగుళ్లే. కెవ్వుమన్నాను. అది వదిలేసి నా ముఖం చూసి నవ్వింది. మళ్లీ నోరు తెరిచింది.